మూడో తొట్టి

తబస్ ఎడారి నుంచి సంచి వచ్చింది.
విప్పకముందే మేడంతా తెలిసిపోయింది.
గేటు కాడి ముసలాయన ముక్కు మూసుకుని
దయ్యం పేడ అన్నాడు.
సిమీన్‌దుఖ్త్ నవ్వి తూకం వేసింది:
రెండు కిలోల నూట నలభై గ్రాముల ఇంగువ.
మూతికి కట్టిన దారానికి ఒక చీటీ,
ఖైరుల్లా అని వంకర సంతకం.

ఆయన్ని మేమెవరమూ చూడలేదు.
చీటీ వెనక మాత్రం రాశాడు:
"వేరు కోస్తే పాలు కారతాయి.
ఎండ తగలకుండా రాళ్ళు పేర్చి వెళ్ళిపోతాను.
నాలుగు రోజులకు వచ్చి, గడ్డకట్టింది గీకి
పక్కనే మళ్ళీ కోస్తాను.
వేరు బతికున్నంతకాలం కత్తికి జవాబిస్తూనే ఉంటుంది.
పిల్లలకు కడుపునొప్పి వస్తే పెసరగింజంత పెడతాం,
మించితే కక్కుతారు.
చేపలకెందుకండీ ఇది? జబ్బుపడ్డాయా?"

లేదు ఖైరుల్లా.
జబ్బు ఇంకా మేమే తెప్పించాలి.

గోర్గాన్‌లో చలికాలం.
కాస్పియన్ మీంచి తడిగాలి కిటికీ సందుల్లో ఈల వేస్తోంది.
నాలుగు తొట్లు, తొట్టికి ముప్ఫై బంగారుతీగ పిల్లలు.
మొదటి తొట్టికి ఉత్త మేత,
రెండోదానికి నూటికి అర పాలు ఇంగువ,
మూడోదానికి ఒకటి, నాలుగోదానికి రెండు.
పొద్దున ఎనిమిదికీ సాయంత్రం నాలుగుకీ వేసేది నేను,
ఓగుల్‌నబాత్‌ని.
కొడుకు కోసం ఎదురుచూసి
కూతురికి పెట్టుకునే పేరు మా తుర్క్‌మెన్‌లలో.
వలలు లాగే ఇంట్లో పుట్టాను,
చేపను కోయడం తెలుసు.
చేపను అడగడం ఇక్కడే నేర్చుకుంటున్నాను.

నెల తిరిగేసరికి
తువ్వాలుకీ కోటుకీ జడకీ ఒకటే వాసన.
కిక్కిరిసిన బస్సులోనూ నా పక్క సీటు ఖాళీ,
ఇంగువ కట్టిన గుడ్డనైపోయాను.
మా చిన్నాడు అడిగాడు,
అమ్మా, చేపలకు తుమ్ములొస్తాయా?

నాలుగో తొట్టిలో మేత మిగిలిపోతోంది.
"పాపం, ముట్టలేదు" అని పుస్తకంలో రాశాను.
సిమీన్‌దుఖ్త్ "పాపం" కొట్టేసి
ఎన్ని గ్రాములు, అంది.

ఎనిమిది వారాలు నిండాక
నీళ్ళలో మైలుతుత్తం కలిపాం,
చావనంత, బాధపడేంత.
తుప్పు ఇనుముకే అనుకున్నాను ఇన్నాళ్ళూ.
ఊపిరి తీసే ప్రతిదీ
లోపల్నుంచి కొంచెం కొంచెం తుప్పు పడుతుందట,
ఇలాంటి విషం తగిలితే ఇంకాస్త తొందరగా.
ఒడ్డున బోర్లించిన పడవ మేకులు గుర్తొచ్చాయి,
తర్వాత మా నాన్న మోకాళ్ళు.

నాలుగు రోజులాగి లవంగ నూనె.
చేప ఒక పక్కకు ఒరుగుతుంది
కునుకు పట్టిన బిడ్డ తలలా.
ఆ తర్వాత చూడొద్దన్నారు, చూశాను.
మంచు మీద కాలేయం, నా బొటనవేలి గోరంత.
నూరి, ఆమ్లం పోసి
మరిగే నీళ్ళలో గంటసేపు నిలబెడితే
ఎంత తుప్పుకు అంత గులాబీ రంగు.

ఎంత బాగుందో ఆ రంగు!
పండగనాడు అమ్మ కలిపే షర్బతులా.
బాగున్న కొద్దీ చెడ్డ కబురు.

ఒకటో తొట్టి గొట్టాలు నిండు గులాబీ.
రెండోవి కాస్త వెలిశాయి.
మూడోవి దాదాపు నీళ్ళే!
సిమీన్‌దుఖ్త్ కళ్ళద్దాలు తీసి తుడిచి
మళ్ళీ పెట్టుకుంది.
నాలుగోవి అన్నిటికంటే ముదురు.

కంటిని నమ్మక యంత్రంలో పెట్టి చూసింది.
అంకెలూ అదే మాట చెప్పాయి.
నేను సొరుగులోంచి చీటీ తీసి
ఆమె ముందు పెట్టాను, వెనక వైపు పైకి.
చదివి చాలాసేపు ఊరుకుంది.
"పెసరగింజంత" అంది చివరికి,
తొమ్మిది వారాల లెక్క మీద చెయ్యి పెట్టి.

కోయని చేపలు పదకొండు మిగిలాయి మూడో తొట్టిలో.
నీళ్ళు మార్చాను. తుత్తం పోయింది.
సాయంత్రం నాలుగు గంటలకు
ఉత్త మేత చల్లాను.
పైకొచ్చాయి, మూతులతో తాకాయి, వదిలేశాయి.
నా చెయ్యున్న వైపే తిరిగి
ఇంకా ఏదో రావాలన్నట్టు
కదలకుండా నిలబడ్డాయి.